ప్రసన్న ఒంటరి కచేరీ

అమలాపురం ఆడపిల్లల హైస్కూలు హాల్లో పియానో కచేరీ జరుగుతుందని గోడల మీద కాగితాలు అంటించినప్పుడు, అదేమిటో ఊళ్ళో చాలామందికి అంతుపట్టలేదు. 1999 ఫిబ్రవరిలో ఒక శనివారం. ఎండ తగ్గుతూండగా జనం ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. ఏర్పాట్లన్నీ చూసిన కాలేజీ లెక్చరరు సత్యప్రసాద్ గుమ్మం దగ్గర నిలబడి అందరికీ నమస్కారాలు పెడుతున్నాడు.

"పాడేది ఎవరండీ?" అని అడిగాడు ఒక కొబ్బరి వర్తకుడు.

"పాట ఉండదండి. అమ్మాయి ఒక్కర్తే కూర్చుని పియానో వాయిస్తుంది."

"పక్కన తబలా అయినా ఉంటుందా?"

"అదీ లేదండి."

"సాయంత్రమంతా ఒక్కర్తేనా!"

"ఆయ్. ఒక్కర్తేనండి."

వర్తకుడు తల ఊపి, ఎందుకైనా మంచిదని తలుపు దగ్గరి కుర్చీ చూసుకుని కూర్చున్నాడు.

ముందు వరస మధ్యలో ఇమ్మానుయేలు మాస్టారు కూర్చుని ఉన్నారు. రాజోలులో లెక్కల మాస్టారాయన. పెళ్ళికి కుట్టించుకున్న కోటు వేసుకున్నారు. ఒళ్ళో సంగీతం అచ్చువేసిన పుస్తకం ఉంది. ఆయన పక్కన మరదలు సలోమి, కొత్తపేటలో ప్రాథమిక పాఠశాల టీచరు. వేదిక మీద పియానోకి ఎడంపక్క చిన్న బల్ల వేసి, దాని మీద ఆయన భార్య విజయకుమారి ఫొటో పెట్టారు. ఫొటోకి బంతిపూల దండ. వెనక గుడ్డ మీద "కీ.శే. విజయకుమారి గారి జ్ఞాపకార్థం" అని అక్షరాలు కత్తిరించి అంటించారు. ఆ కచేరీ పెట్టించింది మాస్టారే. పియానోని రాజోలు నుంచి లారీలో వరిగడ్డి మీద పరుపులు పరిచి తీసుకొచ్చారు. మద్రాసు నుంచి మనిషిని పిలిపించి శ్రుతి చేయించారు. లారీ దారి పొడుగునా పియానో పక్కనే నిలబడి, గోతులొచ్చినప్పుడల్లా దాన్ని రెండు చేతులా పట్టుకున్నారు.

ఆ పియానో ఒకప్పుడు ఒక దొరసానిది. ఆవిడ దేశం వెళ్ళిపోతూ చర్చికి ఇచ్చేసింది. వాయించేవాళ్ళు లేక అది చర్చి మూలన పడి ఉంటే లోపల ఎలుకలు కాపురం పెట్టాయి. చర్చి కప్పు కారుతున్న ఒక వానాకాలంలో ఫాదరు సాలమోను గారు, "మీ ఇంట్లో ఉంచుకోండి మాస్టారూ, అక్కడైనా తడవకుండా ఉంటుంది" అన్నారు. మాస్టారు దాన్ని ఇంటికి చేర్చి, ఎలుక గూళ్ళు తీసి, తీగలు బాగుచేయించి, చెమ్మ పట్టకుండా వానాకాలమంతా లోపల ఒక బల్బు వెలిగించి ఉంచేవారు. అప్పటికి కూతురు ప్రసన్నకి ఆరేళ్ళు. ఒక రోజు బడి నుంచి వచ్చి, చర్చిలో విన్న కీర్తన వరసని ఒక్క వేలితో వాయించి చూపించింది. ఇంట్లో ట్యూషను చెబుతున్న మాస్టారు చేతిలో సుద్దముక్క అలాగే పట్టుకుని నిలబడిపోయారు.

ఆ రోజు నుంచి ఆ ఇంట్లో వేరే పని లేదు. కాకినాడలో పియానో నేర్పే ఒక ముసలి దొరసాని ఉందని తెలిసి, ప్రతి శనివారం బస్సులో పిల్లని తీసుకెళ్ళేవారు. ఆయనకి సంగీతం రాదు. కానీ కాగితం మీద స్వరాలు చదవడం లెక్కలు నేర్చుకున్నట్టే నేర్చుకున్నారు. పిల్ల వాయిస్తుంటే వేలితో గీతల వెంట పోతూ, ఎక్కడ తప్పినా పట్టుకునేవారు. కొట్టేవారు కాదు, తిట్టేవారు కాదు. "మళ్ళీ" అనేవారు. అంతే. పిల్ల మళ్ళీ వాయించేది. ఇంకోసారి "మళ్ళీ" అనేవారు. వీధిలో ఆడుకునే పిల్లల అరుపులు కిటికీలోంచి వినిపిస్తూనే ఉండేవి.

విజయకుమారికి ఒక పాటకీ ఇంకో పాటకీ తేడా తెలిసేది కాదు. కానీ కూతురు వాయించేటప్పుడు బియ్యం చేట తెచ్చుకుని ఆ గది గుమ్మంలోనే కూర్చునేది. చివరికి, "ఇంక చాలండి, పిల్ల వేళ్ళు చూడండి" అని లేచి, కొబ్బరినూనె గోరువెచ్చగా కాచి ఒక్కొక్క వేలూ మర్దన చేసేది. "ఇవాళ వాయించింది బాగుందే అమ్మడూ. ఏదో వాన వెలిసినట్టుంది" అనేది. ప్రసన్న నవ్వేది. మాస్టారు తప్పులు చెప్పేవారు, అమ్మ వాన వెలిసిందనేది. ప్రసన్న వాయించింది ఆ గుమ్మం వైపుకే.

1997 అక్టోబరులో ప్రసన్న పెద్ద పరీక్షకి మద్రాసు వెళ్ళింది. లండన్ నుంచి వచ్చినవాళ్ళు పెట్టే పరీక్ష అది, ఏడాదికి ఒక్కసారే. ముందుగానే వెళ్ళి, ఆడవాళ్ళ హాస్టల్లో ఉండి, అక్కడొక టీచరు దగ్గర సాధన చేసింది. ఆమె వెళ్ళాక ఇక్కడ విజయకుమారికి జ్వరం పట్టుకుంది. జ్వరం కామెర్లయింది. కాళ్ళు ఉబ్బాయి. కాకినాడ ఆసుపత్రిలో చేర్పించారు. సలోమి సెలవు పెట్టి వచ్చి మంచం దగ్గర కూర్చుంది.

చేరిన రోజున విజయకుమారే అంది, "పిల్లకి చెప్పకండి. పరీక్ష అయ్యాక చెబుదురు గాని."

మాస్టారికి కావలసిన మాట అదే.

తర్వాత ఒంట్లో ఏం జరుగుతోందో విజయకుమారికే ముందు తెలిసింది. "ఏమండీ, ప్రసన్నకి కబురు పెట్టండి. నేను చూడాలి" అంది.

"పెట్టేను. బయల్దేరి వస్తోంది" అన్నారు మాస్టారు.

అప్పటినుంచి ఆవిడ తలుపు వైపే చూసింది. వార్డులో ఎవరి చెప్పుల చప్పుడైనా తల తిప్పేది. సాయంత్రం మాస్టారు ఆసుపత్రి ఎదురుగా ఉన్న ఎస్టీడీ బూతుకి వెళ్ళి మద్రాసు హాస్టల్‌కి ఫోన్ చేసేవారు. ఒకసారి సలోమి వెనకాలే వెళ్ళి అద్దం బయట నిలబడింది. లోపలి మాటలన్నీ వినిపించాయి.

"అమ్మకి జ్వరమన్నారు కదండీ, తగ్గిందాండీ?" అని ప్రసన్న అడిగి ఉంటుంది.

"తగ్గింది. పడుకుంది. నీ వేళ్ళెలా ఉన్నాయి? మూడో భాగం తొందరపడకు" అంటున్నారు మాస్టారు.

ఆయన బయటికి రాగానే సలోమి అడిగింది. "బావగారూ, అక్క కబురు పెట్టమంది కదండీ?"

"ఇప్పుడు చెబితే పరీక్ష వదిలేసి వచ్చేస్తుంది. ఇన్నేళ్ళు పడ్డ పాటు నీళ్ళపాలు. మీ అక్క కోలుకుంటుంది. డాక్టరు కూడా అదే అన్నాడు."

డాక్టరు అలా అనలేదని సలోమికి తెలుసు. అయినా తిరిగి వార్డుకి వెళ్ళింది.

విజయకుమారి పరీక్షకి ముందు రోజు పోయింది. మాస్టారు మర్నాడు ఫోన్ చేశారు. అదీ పరీక్ష అయిపోయాకే. అప్పటికే రాజోలులో, వానలో, సమాధి కార్యక్రమం జరిగిపోయింది. ప్రసన్న వచ్చేసరికి తడి మట్టి కుప్ప, దాని మీద వంగిపోయిన పూలు ఉన్నాయి. ఆమె ఆ మట్టి పక్కన కూర్చుని ఒకటే అడిగింది. "నన్ను అడగలేదాండీ అమ్మ?"

"స్పృహలోనే లేదమ్మా" అన్నారు మాస్టారు. "కోలుకుంటూ కోలుకుంటూ ఒక్కసారిగా అలా అయిపోయింది. నువ్వొచ్చినా గుర్తుపట్టేది కాదు. ఎవరినీ అడగలేదు."

సలోమి అక్కడే ఉంది. చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది గానీ కాదనలేదు. ప్రసన్న ఆ మాట నమ్మింది. అమ్మ ఏమీ తెలియకుండానే వెళ్ళిపోయిందనుకోవడంలో కొంచెం ఊరట కూడా దొరికింది. పరీక్షలో ఆమెకి అందరికంటే ఎక్కువ మార్కులు వచ్చాయి.

హాల్లో ఫ్యాన్లు కీచుమంటున్నాయని మాస్టారు చెప్పి ఆపించారు. జనం చేతిలో ఉన్న కాగితాలతో విసురుకుంటున్నారు. ప్రసన్న తెల్ల చీర కట్టుకుని వచ్చి, నమస్కారం పెట్టి, కూర్చుంది. అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్ళు. సన్నటి మనిషి. ఆ చేతుల్లోంచి అంత పెద్ద శబ్దం వస్తుందని ఎవరూ అనుకోలేదు. మొదటి స్వరానికి వెనక వరసలో పిల్లలు ఉలిక్కిపడ్డారు.

కాసేపు జనం పియానోని చూశారు, తర్వాత ఆమె చేతుల్ని చూశారు, తర్వాత ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు. అలవాటు లేని సంగీతం. ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ఆగుతుందో తెలియదు. ఒకచోట ఆమె చేతులెత్తి క్షణం ఆగితే, అయిపోయిందనుకుని సగం హాలు చప్పట్లు కొట్టింది. మాస్టారు వెనక్కి తిరిగి క్లాసులో చూసినట్టు చూశారు. చప్పట్లు ఆగిపోయాయి. కానీ ఏదో జరుగుతోందని జనానికి తెలిసింది. నెమ్మదిగా ఉన్న ఒక పాట వాయించినప్పుడు, బయట కాకులు అరుస్తున్నా, హాల్లో విసురుకునే కాగితాలు ఆగాయి. కొబ్బరి వర్తకుడు తలుపు దగ్గరి కుర్చీలోంచి లేచి వెళ్ళిపోలేదు.

మాస్టారు ఒళ్ళో పుస్తకం మీద వేలు పెట్టుకుని గీత వెంట గీత పోతున్నారు. ఒక్క తప్పు లేదు. విరామం రాగానే ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"మీ జన్మ ధన్యమైందండి మాస్టారూ" అన్నాడు సత్యప్రసాద్ వచ్చి. వెనకాలే ఇంకొందరు వచ్చి చుట్టూ నిలబడ్డారు. అందరికీ జవాబు చెబుతూ మాస్టారు వేదిక వైపు చూశారు. ఒక ముసలావిడ వేదిక అంచున నిలబడి విజయకుమారి ఫొటోని పరీక్షగా చూస్తోంది. నీరుకావి చీర, మెడలో తావీదు. ఎక్కడో చూసిన మొహం. ఆవిడ ఫొటోకి దణ్ణం పెట్టుకుని, పక్కనున్న తలుపులోంచి ప్రసన్న కూర్చున్న గదిలోకి వెళ్ళింది.

అప్పుడు గుర్తొచ్చింది. వీరాయమ్మ. కాకినాడ ఆసుపత్రిలో ఆయా. విజయకుమారికి ఒళ్ళు తుడిచిన మనిషి. పని మానేసి అమలాపురంలో కూతురి దగ్గర ఉంటోందని ఆయనకెలా తెలుస్తుంది?

మాస్టారు లేచారు. ఎవరో చెయ్యి పట్టుకుని, "ఈ సంగీతానికి మన రాగాల్లో ఏది దగ్గరండీ?" అని అడుగుతున్నారు. "తర్వాత చెబుతానండి" అని విడిపించుకుని, కుర్చీల మధ్య నుంచి వెళ్ళి, ఆ గది గుమ్మం చేరుకునేసరికి వీరాయమ్మ ప్రసన్న చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. ప్రసన్న ఇంకో చేతిలో సోడా గ్లాసు అలాగే ఉంది.

"మహాతల్లి, ప్రాణం పోయేదాకా తెలివి తప్పలేదమ్మా" అంటోంది వీరాయమ్మ కళ్ళు ఒత్తుకుంటూ. "మా అమ్మడొచ్చిందా, మా అమ్మడొచ్చిందా అని నన్నే అడిగేవోరు. తలుపు తియ్యి వీరాయమ్మా, తనొస్తే కనపడాలి అనేవోరు. గాలి కొడతందమ్మా అన్నా ఇనేవోరు కాదు. మీ నాన్నగారు కబురెట్టేనన్నారు. వానలు కదా, బండి దొరకలేదేమో బిడ్డకి అనుకున్నామమ్మా మేమంతా. నిన్ను చూడకుండానే..."

ప్రసన్న తలెత్తింది. గుమ్మంలో తండ్రి కనిపించారు.

వీరాయమ్మ గబుక్కున లేచి, "దణ్ణాలు బాబూ. నేనండి, ఆసుపత్రిలో వీరాయమ్మని" అంది.

మాస్టారు కూతురి మొహం చూశారు. ఏదైనా అనడానికి అదే సమయం. ఆయన నోట వచ్చిన మాట, "టైమైందమ్మా."

ప్రసన్న గ్లాసు కింద పెట్టింది. చేతులు తుడుచుకుంది. ఆయన పక్కనుంచి, చీర ఆయనకి తగలకుండా ఒదిగి, వేదిక మీదికి వెళ్ళింది.

విరామం తర్వాత ఉన్నది ఒకే ఒక్క పెద్ద సొనాటా, మూడు భాగాల రచన. మద్రాసు పరీక్షలో ఆమె వాయించింది అదే. మాస్టారు వచ్చి కూర్చుని పుస్తకం తెరిచారు. వేలు గీత మీద పెట్టారు గానీ చూపు ఆనడం లేదు. సలోమి ఆయన మొహం చూసి, "ఏమైందండి బావగారూ?" అంది. ఆయన తల అడ్డంగా ఊపారు.

మొదటి భాగం పూర్తయింది. గట్టిగా, వేగంగా, ఒక్క స్వరం కూడా తొణక్కుండా వాయించింది. తర్వాత నెమ్మదైన భాగం. ఎడమచెయ్యి లోతుగా ఒక్కటే మాట పదేపదే అంటున్నట్టుంది, కుడిచెయ్యి దాని మీద ఏదో చెప్పబోయి ఆగిపోతున్నట్టుంది. అలా కాసేపు వాయించి, మధ్యలో చేతులెత్తేసింది. ఇది కూడా పాటలో భాగమే అనుకుని హాలు ఓపిక పట్టింది. మాస్టారికి మాత్రం తెలుసు. పుస్తకంలో అక్కడ ఆగమని లేదు.

ప్రసన్న చేతులు ఒళ్ళో పెట్టుకుని జనం వైపు తిరిగింది.

"పిన్నీ" అంది.

పెద్దగా అనలేదు. కానీ ఆ హాల్లో అందరికీ వినిపించింది.

"అమ్మకి తెలివి ఉందా?"

సలోమి బావగారి వైపు చూసింది. ఆయన వేలు ఇంకా పుస్తకం మీదే ఉంది. జనం మెడలు చాచి ముందు వరసలో ఎవరితో మాట్లాడుతోందా అని చూస్తున్నారు. సత్యప్రసాద్ రెండడుగులు ముందుకు వేసి, ఏం చెయ్యాలో తెలియక ఆగిపోయాడు.

"చెప్పు పిన్నీ."

సలోమి లేచి నిలబడింది, బడిలో పిల్లలు నిలబడినట్టు. "ఉందమ్మా" అంది.

"నన్ను అడిగిందా?"

"అడిగింది."

"ఆఖరి రోజు కూడానా?"

"ఆఖరి రోజు కూడా. నీ కోసమే చూసిందమ్మా." ఆ మాట అనగానే సలోమి కుర్చీ పట్టుకుని కూలబడింది.

ప్రసన్న తండ్రిని ఏమీ అడగలేదు. ఆయన వైపు చూడనూ లేదు. మళ్ళీ పియానో వైపు తిరిగి, నెమ్మదైన భాగాన్ని మొదటినుంచి ఎత్తుకుంది. ఈసారి ఆపలేదు. ఎంత నెమ్మదిగా వాయించిందంటే, ఒక స్వరం పూర్తిగా ఆరిపోయాక గానీ రెండోది పుట్టేది కాదు. ఆ సంగీతం ఎవరిదో, ఏ దేశందో అక్కడ ఎవరికీ పట్టలేదు. ఆడవాళ్ళు కొంగులు కళ్ళకి ఒత్తుకున్నారు. మాస్టారికి లేచి వెళ్ళిపోవాలనిపించింది. లేస్తే అందరూ చూస్తారు. కూర్చున్నా అందరూ చూస్తూనే ఉన్నారు. చివరి భాగంలో ఆమె రెండుచోట్ల తప్పింది. ఆయన విన్నారు. వేలు కదపలేదు.

అయిపోయాక ఆమె లేచి, తల్లి ఫొటో ముందు కాసేపు నిలబడి, పక్క తలుపులోంచి వెళ్ళిపోయింది. వెనక ఎవరో ఇద్దరు చప్పట్లు మొదలుపెట్టి, ఎవరూ కలవకపోవడంతో మానేశారు. జనం కుర్చీలు చప్పుడు కాకుండా లేచారు. మాస్టారితో ఎవరూ మాట్లాడలేదు. కొబ్బరి వర్తకుడు మాత్రం గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసి, "పాపం" అన్నాడు. ఎవరిని అన్నాడో తెలియదు.

ప్రసన్న ఆ సాయంత్రం సలోమి వెంట కొత్తపేట బస్సెక్కింది. చేతిసంచీ తప్ప ఏమీ తీసుకోలేదు. కిటికీ పక్కన కూర్చుని చాలాదూరం వరిచేల వైపు చూస్తూ ఉంది.

"పిన్నీ, నువ్వయినా ఫోన్ చెయ్యచ్చు కదా" అంది కొంతసేపటికి.

సలోమి నంబరు తెలియదనో, బూతు మూసేశారనో చెప్పచ్చు. "భయమేసిందే" అంది చివరికి. "ఆయన ఎదురుగా ఎప్పుడూ ఒక్క మాట మాట్లాడి ఎరగను. అక్క పోతుందని తెలిసీ, ఆయనకి కోపం వస్తుందని భయపడ్డాను. నన్ను ఏమన్నా అనమ్మా."

దారంతా సలోమి ఏడుస్తూనే ఉంది. కొత్తపేటలో దిగేటప్పుడు ప్రసన్నే ఆమె చెయ్యి పట్టుకుని దింపింది. తర్వాత వాళ్ళిద్దరూ ఒకే ఇంట్లో ఉన్నారు, ఒకే పొయ్యి మీద వండుకున్నారు. ఆ మాట మళ్ళీ రాలేదు.

రాజోలు ఇంటికి ఆమె తిరిగి వెళ్ళలేదు. కొత్తపేటలోనే ఒక స్కూల్లో ఇంగ్లీషు టీచరుగా చేరింది. సత్యప్రసాద్ ఒకసారి వచ్చి, హైదరాబాదులో ఎవరో కచేరీకి పిలుస్తున్నారని చెప్పాడు. "వాయించనండి. మీరు కాఫీ తీసుకోండి" అంది. చర్చిలో హార్మోనియం వాయించమన్నా వెనక బెంచీల్లో కూర్చునేది.

మాస్టారు ఆదివారాలు వచ్చేవారు. పనసకాయో, అరటిగెలో తెచ్చి వరండాలో పెట్టేవారు. ప్రసన్న కుర్చీ వేసేది. "ఆరోగ్యం బాగుందాండీ? బీపీ మాత్రలు వేసుకుంటున్నారా?" అని అడిగేది. అన్నం పెట్టేది. కూరలో ఉప్పు తక్కువ వేసేది, ఆయనకి పడదని. ఆయన వచ్చిన ప్రతిసారీ ఏదో చెప్పాలనుకుని, ఊళ్ళో విషయాలు చెప్పి వెళ్ళిపోయేవారు.

ఒకసారి మాత్రం చెయ్యి కడుక్కుంటూ అనేశారు. "చెప్పద్దన్నది మీ అమ్మేనమ్మా. కావాలంటే సలోమిని అడుగు."

"చేరిన రోజున అందండి. పిన్ని చెప్పింది" అంది ప్రసన్న తువ్వాలు అందిస్తూ. "తర్వాత ఏమందో కూడా చెప్పింది."

"నీ కోసమే చేశాను."

"ఆయ్. తెలుసండి."

అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. తిడితే జవాబు చెప్పడానికి ఆయన దగ్గర ఎన్నో మాటలు ఉన్నాయి. రాజోలు వెళ్ళే బస్సులో ఆ మాటలన్నీ తనలో తనే అనుకునేవారు. పక్కన కూర్చున్నవాళ్ళు వింతగా చూసేవారు.

రిటైరయ్యాక ఆయన రావడం తగ్గింది. 2004 వేసవి మొదట్లో పక్షవాతం వచ్చి కుడిపక్క పడిపోయింది. పక్కింటివాళ్ళు కొత్తపేటకి ఫోన్ చేశారు. ప్రసన్న క్లాసు మధ్యలో ఉంది. హెడ్మాస్టరుకి చెప్పి, ఇంటికైనా వెళ్ళకుండా, దొరికిన బస్సెక్కి రాజోలు వచ్చింది. ఐదేళ్ళ తర్వాత ఆ గుమ్మంలో అడుగు పెట్టింది.

అప్పటినుంచి మంచం దగ్గరే ఉంది. గంజి తాగించేది. ఒళ్ళు తుడిచేది. పుండ్లు పడకుండా అటూ ఇటూ తిప్పి పడుకోబెట్టేది. పలకరించడానికి వచ్చినవాళ్ళు, "ఇంత చేసే కూతురు ఎవరికుంటుందండీ" అని వెళ్ళేవారు. ఫాదరు సాలమోను గారు వచ్చి ప్రార్థన చేసి, బయట ఆమెతో మెల్లగా అన్నారు. "ఆయన మనసులో ఏదో ఉందమ్మా. నువ్వొక మాటంటే ప్రశాంతంగా వెళ్తారు."

ప్రసన్న నేల చూసింది. "ఆ మాట వస్తే అంటానండి" అంది.

ఒక మధ్యాహ్నం మాస్టారు ఎడంచేత్తో ఆమె మణికట్టు పట్టుకున్నారు. మాట ముద్దగా వచ్చేది. ఆమె వంగి ఆయన నోటి దగ్గర చెవి పెట్టింది.

"క్ష... క్షమించేవా?"

ఆయన కళ్ళు ఆమె మొహం మీదనుంచి కదలడం లేదు. ఎంత తేలికైన మాట! అవునండి అంటే చాలు. స్పృహలో లేదమ్మా అని ఆయన అన్నంత తేలిక. ఆమె నోరు తెరిచింది. అబద్ధం రాలేదు.

"లేదండి" అంది. "చాలాసార్లు అనుకున్నాను. కాలేదు."

ఆయన కళ్ళు మూసుకున్నారు. కంటి చివరనుంచి నీళ్ళు చెవి వైపు జారాయి. ఆమె కొంగుతో తుడిచింది. మణికట్టు మీద ఆయన పట్టు వదలలేదు. ఆమె కూడా విడిపించుకోలేదు. "నేను ఇక్కడే ఉన్నానండి. ఎక్కడికీ వెళ్ళను" అంది.

వెళ్ళలేదు. ఆయన పోయిన ఉదయం కూడా ఆ మంచం పక్కనే ఉంది. చివరి గుక్క నీళ్ళు ఆమే పోసింది.

విజయకుమారి పక్కనే ఆయన్ని కూడా పెట్టారు. ప్రసన్న అన్నీ సక్రమంగా చేయించింది. ఏడవలేదని కొందరు చెవులు కొరుక్కున్నారు. పియానో చర్చిదే కాబట్టి తీసుకెళ్ళమని ఫాదరు గారితో చెప్పి, ఇంటికి తాళం వేసి, సలోమితో కలిసి కొత్తపేట వచ్చేసింది.

వేసవి సెలవులయ్యాక స్కూలు తెరిచిన రోజున ఏడో తరగతి వాళ్ళకి పాఠం చెబుతోంది. వాక్యం మధ్యలో గొంతు పోయింది. పిల్లలు తలలెత్తి చూశారు. "మీలో మీరు చదువుకోండి" అని చెప్పి ఆమె కిటికీ వైపు తిరిగింది. పిల్లలు కాసేపు గుసగుసలాడి, తర్వాత వాళ్ళే ఊరుకున్నారు. బెల్లు కొట్టేదాకా ఆమె అలాగే, వాళ్ళకి వీపు పెట్టి నిలబడి ఉంది.